ముక్కలు కలుపుకున్న చలికాలాలు

మొన్న మా టీములోకి కొత్తగా ఒక కుర్రాడొచ్చాడు. విజయవాడ నుంచి తిన్నగా వచ్చి చికాగో శివార్లలో దిగాడు. లంచ్ దగ్గర దిగాలుగా మొహం పెట్టి అడిగాడు: "అన్నా, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతోంది. బయటికెళ్తే చెవులు ఊడిపోతున్నాయి. మార్చిదాకా ఇంట్లో కూచుని ఏం చేస్తారు మీరంతా?"

అడిగిందే తడవు, తలో సలహా పడేశారు. ఒకాయన గిటారు కొనుక్కోమన్నాడు. ఇంకొకాయన ఇంట్లోనే బ్రెడ్డు చేసుకోమన్నాడు (మనవాడికి కుక్కర్లో అన్నం పెట్టడమే సరిగ్గా రాదు). ఒకావిడ క్రోషే నేర్చుకోమని, తనే అల్లుకున్న టోపీ తీసి చూపించింది. నా వంతు వచ్చేసరికి, "జిగ్‌సా పజిల్ ఒకటి తెచ్చుకో, వెయ్యి ముక్కలది" అన్నాను. అందరూ నవ్వారు. చిన్నపిల్లల ఆట కదా మరి.

నవ్వితే నవ్వారు. కానీ ఆ అట్టముక్కల వెనకాల రెండున్నర శతాబ్దాల కథ ఉంది. అందులో రాజుగారి పిల్లలున్నారు, ఉద్యోగాలు ఊడినవాళ్ళున్నారు. చివర్లో ఒక మూల మా నాన్నగారు, నేనూ కూడా ఉన్నాం. ఆ లంచ్ టేబుల్ దగ్గర ఇదంతా చెప్పే టైము లేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. ముక్కలాట అనగానే పేకాట అనుకునేరు, ఇది అది కాదు. దీంట్లో డబ్బులు పోవు.

అసలు "చలికాలంలో ఇంట్లో ఏం చెయ్యాలి" అన్న ప్రశ్నే మన వైపు పుట్టదు. మనకి చలికాలమంటే బయట తిరిగే కాలం. ధనుర్మాసం ముగ్గులు వాకిట్లో, భోగిమంట వీధిలో, కోడిపందాలు (చట్టం ఏమన్నా సరే) తోటల్లో. మనల్ని ఇంట్లో కట్టిపడేసేది మే నెల మధ్యాహ్నాలు. అష్టాచెమ్మా, వామనగుంటలు, వైకుంఠపాళి... మన ఇంటి ఆటలు తల్చుకుంటే నాకైతే వేసవి సెలవులూ, మామిడిపళ్ళ వాసనా గుర్తొస్తాయి. అందుకే మనవాళ్ళకి ఇక్కడి శీతాకాలం అంతుపట్టదు. టిక్కెట్లు చవగ్గా దొరికాయని 2023 నవంబరులో అమ్మనీ నాన్ననీ రప్పించాను. ఎంత తెలివితక్కువ పనో డిసెంబరు రెండో వారానికి అర్థమైంది.

అమ్మకి పర్లేదు. వంటిల్లుంది, ఫోన్లో సీరియళ్ళున్నాయి, అరోరా బాలాజీ గుళ్ళో పరిచయమైన ఇద్దరు తూర్పుగోదావరి పిన్నిగార్లున్నారు. నాన్న పరిస్థితే ఘోరం. ముప్ఫయ్యేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో పొద్దున్నే లేచి టీకొట్టు దగ్గర పేపరు చదివి, నలుగురితో రాజకీయం మాట్లాడి, పదింటికి ఇంటికొచ్చే అలవాటు. ఇక్కడ కిటికీ దగ్గర కుర్చీ వేసుక్కూర్చుని, పార్కింగ్‌లో ఎవరి కారు మీద ఎంత మంచు పడిందో చూస్తుండేవారు. "ఆ ఎర్రకారు వాడు నాలుగు రోజులుగా బయటికి తియ్యలేదురా, ఒంట్లో బాగుందో లేదో కనుక్కో" అన్నారొకసారి.

సరిగ్గా ఆ టైములో, 2024 జనవరిలో ఒక మంగళవారం పొద్దున, నా లాప్‌టాప్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పేమో అనుకుని రెండుసార్లు కొట్టాను. తర్వాత పర్సనల్ మెయిల్ చూసుకున్నాను. మిగతాది మీకు తెలుసు, మీలో కొంతమందికి స్వయంగా తెలుసు. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 2017 నుంచీ ఉన్న రూలు ప్రకారం అరవై రోజుల గడువు. ఈలోగా ఇంకో కంపెనీ మన తరఫున పిటిషన్ వెయ్యాలి, లేదా వేరే ఏదో దారి చూసుకోవాలి, లేదా పెట్టె సర్దుకోవాలి.

ఇంట్లో చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి గది తలుపేసుకుని "మీటింగుంది" అనేవాణ్ణి. లోపల కూచుని అప్లికేషన్లు పంపడం, లీట్‌కోడ్ చెయ్యడం, మధ్యలో గోడ వైపు చూడడం. ఆరో రోజో ఏడో రోజో, ఇంట్లో ఊపిరాడక నాన్నని తీసుకుని ఊళ్ళో పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ ఒక మూల బల్ల మీద సగం చేసిన జిగ్‌సా పరిచి ఉంది. వచ్చేపోయేవాళ్ళు ఓ నిమిషం ఆగి, ఒక ముక్క పెట్టి వెళ్ళిపోతున్నారు. నాన్న అక్కడ ఆగారు. నేను గంట తర్వాత వచ్చి చూస్తే ఇంకా అక్కడే ఉన్నారు. ఎదురుగా ఎనభయ్యేళ్ళ తెల్లాయన. ఈయనకి ఆయన ఇంగ్లీషు అర్థం కాదు, ఆయనకి ఈయనది అర్థం కాదు. ఇద్దరూ కలిసి ఆకాశం మొత్తం పూర్తిచేశారు.

పక్కనే పాత పజిళ్ళ అలమారా ఉంది. నీ దగ్గరున్నది పెట్టి, నచ్చినది తీసుకుపోవచ్చు. మా దగ్గర పెట్టడానికేం లేకపోయినా లైబ్రరీ ఆవిడ నవ్వి తీసుకెళ్ళమంది. నాన్న ఎంచుకున్నది ఏమిటో తెలుసా? అమెరికా రాష్ట్రాల మ్యాపు. టెన్త్ పిల్లలకి మ్యాపు పాయింటింగ్ నేర్పిన చెయ్యి కదా.

ఆ సంగతి ఆయనకి తెలీదు గానీ, ఈ ఆట పుట్టిందే మ్యాపులతో. అదీ ఆటగా కాదు, సోషల్ పాఠంగా. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అని మ్యాపులు చెక్కే పనివాడు ఉండేవాడు. రాజుగారి భూగోళజ్ఞుడిగా పేరున్న థామస్ జెఫరీస్ దగ్గర పని నేర్చుకున్నాడు. మ్యాపుని పల్చటి మహాగని చెక్క మీద అతికించి, సరిహద్దుల వెంబడే రంపంతో కోసి, పిల్లలకి భూగోళం నేర్పే సాధనం అని అమ్మాడు. అప్పటికి జిగ్‌సా అన్న మాట లేదు, "కోసిన మ్యాపులు" అనేవారు. 1769లో చనిపోయేనాటికి స్పిల్స్‌బరీ వయసు అటూఇటుగా ముప్ఫై. అంటే నా వయసులో ఈ పని చేశాడన్నమాట. (ఈ వాక్యం రాసి కాసేపు ఆగాను.)

మహాగని చెక్క, చేత్తో కొయ్యడం, పైగా రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన మ్యాపు. అందుకని అది బాగా డబ్బున్న ఇళ్ళకే. ఇంగ్లండు రాజు మూడో జార్జి పిల్లల్ని పెంచిన లేడీ షార్లెట్ ఫించ్ ఇలాంటి కోసిన మ్యాపులతోనే వాళ్ళకి పాఠాలు చెప్పింది. అవి దాచిన చెక్క బీరువా ఇప్పటికీ భద్రంగా ఉంది. పిల్లలు ఇక్కడ ముక్కలు సరిగ్గా అమరుస్తుండగా, అక్కడ వాళ్ళ నాన్న చేతిలోంచి అమెరికా ముక్క జారిపోయింది, అది వేరే సంగతి. జేన్ ఆస్టిన్ 1814లో అచ్చయిన 'మాన్స్‌ఫీల్డ్ పార్క్' నవలలో, డబ్బున్న పెద్దమ్మగారింటికి వచ్చిన పేదింటి పిల్లకి యూరప్ మ్యాపు ముక్కలు కలపడం రాదని అక్కడి అమ్మాయిలు వెక్కిరిస్తారు. వాళ్ళ లెక్కలో అది తెలివితక్కువతనం. ఆ పిల్ల ఇంట్లో అలాంటి పెట్టె కొనే స్తోమత లేదన్న ఆలోచన వాళ్ళకి రాదు. మన దగ్గర కీబోర్డు మొదటిసారి ఇంజనీరింగ్ కాలేజీలోనే ముట్టుకున్న కుర్రాళ్ళని చూసి సిటీ పిల్లలు నవ్వినట్టు.

ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఇది పిల్లల వస్తువుగానే ఉండిపోయింది. పెద్దవాళ్ళకి పిచ్చి పట్టింది 1908 ప్రాంతంలో, అమెరికాలో. అప్పటికి కాలితో తొక్కే సన్నరంపాలు వచ్చాయి, జిగ్‌సా అన్న పేరు ఆ రంపం పేరే. ఆనాటి పజిళ్ళు ఇప్పటి మనవాటికంటే చాలా దుర్మార్గంగా ఉండేవి. పెట్టె మీద బొమ్మ ఉండదు, కలిపేదాకా అది ఏనుగో ఏటిగట్టో తెలీదు. ముక్కకి ముక్క లంకె పడదు, పక్కపక్కన పెట్టడమే. ఒక్క తుమ్ము తుమ్మితే సాయంత్రం పడ్డ కష్టమంతా పోయినట్టే. రంగు ఎక్కడ మారితే అక్కడే కోసేవారు, అందుకని నీలం ముక్క పక్కన నీలమే వస్తుందని కూడా అనుకోవడానికి లేదు. అయినా ఎగబడి కొన్నారు. 1909లో పార్కర్ బ్రదర్స్ అనే ఆటవస్తువుల కంపెనీ మిగతా ఆటలన్నీ ఆపేసి ఫ్యాక్టరీ మొత్తాన్ని పజిళ్ళకి మళ్ళించింది. కాకపోతే అయిదువందల ముక్కల చెక్క పజిల్ ధర అయిదు డాలర్లు. మామూలు పనివాడి నెలజీతం యాభై డాలర్లు. జీతంలో పదోవంతు పెట్టి ముక్కలు కొనుక్కునేది ఎవరు? తీరిక ఉన్నవాళ్ళు.

ఇక్కడ తీరిక అన్న మాట కావాలనే వాడాను. తీరిక వేరు, ఖాళీ వేరు. తీరిక మనం చేసుకునేది, ఖాళీ మన నెత్తిన పడేది. అప్పటిదాకా జిగ్‌సా తీరిక ఉన్నవాళ్ళ ఆట. 1932-33 చలికాలంలో ఖాళీగా ఉన్నవాళ్ళ ఆట అయింది.

ఆ చలికాలం గురించి కొంచెం చెప్పాలి. 1929లో షేర్ మార్కెట్ కూలిన తర్వాత మొదలైన ఆర్థికమాంద్యం అప్పటికి అట్టడుగుకి చేరింది. నలుగురిలో ఒకరికి పని లేదు. 1932 నవంబరు ఎన్నికల్లో రూజ్వెల్ట్ గెలిచాడు గానీ, అప్పటి రాజ్యాంగం ప్రకారం పదవిలోకి వచ్చేది మార్చి 4న. అంటే ఓడినాయన చెయ్యలేడు, గెలిచినాయన చెయ్యకూడదు. ఆ నాలుగు నెలల చలిలో బ్యాంకులు వరసపెట్టి మూతపడ్డాయి. (రాజ్యాంగ సవరణతో ప్రమాణస్వీకారాన్ని జనవరి 20కి జరిపారు. 1937 నుంచి అదే తేదీ.) బయట పనిలేదు, చేతిలో డబ్బు లేదు, రాత్రి త్వరగా వచ్చేస్తుంది. ఇంట్లో మనుషులందరూ ఒకే గదిలో.

సరిగ్గా అప్పుడే పజిల్ చవకైంది. చెక్క పోయి అట్ట వచ్చింది. పదునైన ఉక్కుపట్టీల్ని పజిల్ గీతల ఆకారంలో వంచి ఒక పలకకి బిగిస్తారు. దాన్ని ప్రెస్సులో పెట్టి బొమ్మ అతికించిన అట్ట మీద ఒక్క దెబ్బ వేస్తే ముక్కలన్నీ ఒకేసారి తెగుతాయి. ఒక మనిషి గంటల తరబడి కూచుని కోసే పని ఒక్క దెబ్బలో అయిపోయింది. ఒక టూత్‌బ్రష్ కంపెనీ బ్రష్షు కొంటే పజిల్ ఉచితం అంది. 1932 చివర్లో వారపత్రికల్లాగా వారం వారం పజిళ్ళు వచ్చాయి, పాతిక సెంట్లకి ఒకటి. బుధవారం కొట్లోకి కొత్త బొమ్మ వచ్చేది, జనం క్యూ కట్టేవారు. 1933 మొదట్లో ఈ అమ్మకాలు వారానికి కోటికి చేరాయి. అప్పటి అమెరికా జనాభా పన్నెండున్నర కోట్లు. లెక్క మీరే వేసుకోండి.

ఆ పాతిక సెంట్లు కూడా లేనివాళ్ళకి అద్దె పజిళ్ళు ఉండేవి. మన ఊళ్ళలో ఒకప్పుడు డిటెక్టివ్ నవలలు అద్దెకిచ్చే కొట్లుండేవి చూడండి, అలాగన్నమాట. మందుల షాపుల్లో, అద్దె లైబ్రరీల్లో, రాత్రికి మూడు నుంచి పది సెంట్లు. కోసేవాళ్ళలో కూడా పని పోయినవాళ్ళు చాలామంది. ఆర్కిటెక్టులు, వడ్రంగులు, ఇంటి వెనక షెడ్డులో రంపం పెట్టుకుని చెక్క పజిళ్ళు కోసి ఊళ్ళో అమ్మేవారు, అద్దెకిచ్చేవారు. అంటే పని లేనివాడు కోసినది పని లేనివాడు కలిపేవాడు.

ఇందులో నాకు బాగా నచ్చిన కథ ఫ్రాంక్ వేర్, జాన్ హెన్రిక్స్ అనే ఇద్దరు కుర్రాళ్ళది. ఉద్యోగం దొరికే ఆశ లేక, 1932లో ఇంట్లో భోజనాల బల్ల మీద మొదటి పజిల్ కోశారు. మార్కెట్ మొత్తం చవకబేరం వైపు పరిగెడుతుంటే వీళ్ళు తిరగబడ్డారు. ఇంకా ఖరీదుగా, ఇంకా కష్టంగా చేశారు. కొన్నవాళ్ళ పేరులోని అక్షరాల ఆకారంలో ముక్కలు, దారి తప్పించే పేర్లు, సంతకంగా ఒక సముద్రపు గుర్రం ముక్క. 'పార్' అని పేరు పెట్టారు. సినిమా తారలు, కోటీశ్వరులు వరసకట్టారు. స్టార్టప్ పాఠాల్లో ఇలాంటివి చెబితే నాకు చిరాకొస్తుంది, ఎందుకంటే అదే షెడ్డుల్లో అలాగే కోసి ఏమీ అవనివాళ్ళు వేలమంది ఉండి ఉంటారు, వాళ్ళ కథ ఎవరూ రాయరు. అయినా ఈ ఇద్దరంటే ఇష్టమే.

ఉద్యోగం పోయిన ఇంకొకాయన గురించి చెప్పకపోతే పాపం. ఆల్ఫ్రెడ్ బట్స్ అనే న్యూయార్క్ ఆర్కిటెక్టు, 1931లో పని పోయి ఇంట్లో కూచున్నాడు. ఊరుకోకుండా న్యూయార్క్ టైమ్స్ పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో చేత్తో లెక్కపెట్టాడు. ఆ లెక్కల ఆధారంగా ఏ అక్షరం ఎన్ని బిళ్ళలుండాలి, ఎన్ని మార్కులుండాలి అని తేల్చాడు. అదే మనం ఆడే స్క్రాబుల్, ఆ పేరుతో వచ్చింది మాత్రం 1948లో. డేటా సైన్స్ అన్న మాట పుట్టకముందు ఖాళీగా ఉన్న ఒక మనిషి చేసిన డేటా సైన్స్.

ఆ పిచ్చి ఎంత ముదిరిందంటే 1933లో లారెల్ అండ్ హార్డీ దాని మీదే ఒక సినిమా తీశారు, పేరు 'మీ అండ్ మై పాల్'. ఇరవై నిమిషాల బొమ్మ. లావాటాయన పెళ్ళి. సన్నాయన బహుమతిగా జిగ్‌సా తెస్తాడు. ముందు వీళ్ళు కూచుంటారు, తర్వాత పిలవడానికొచ్చిన టాక్సీవాడు కూచుంటాడు, పోలీసు కూచుంటాడు. పెళ్ళి తప్పిపోతుంది, ఇల్లు ధ్వంసమవుతుంది, చివర్లో ఈయన డబ్బు పెట్టిన కంపెనీ కూలిపోయిందని రేడియో చెబుతుంది. నవ్వుతూనే చూస్తాం గానీ, ఆ ఏడాది హాల్లో కూర్చుని నవ్విన జనంలో ఎంతమందికి నిజంగానే కంపెనీ కూలిపోయిందో.

చలికాలం, మాంద్యం, చవక — ఈ మూడూ కలిసొచ్చాయి కాబట్టి అంత అమ్ముడయ్యాయి అనొచ్చు. నిజమే. కానీ సినిమాలూ రేడియో కూడా ఉన్నాయి కదా, ముక్కలే ఎందుకు? నాకు తోచేది ఇది. పెట్టెలో ఉన్న సమస్యకి జవాబు కచ్చితంగా పెట్టెలోనే ఉంది. నువ్వు కూచుంటే చాలు, అవుతుంది. ఆ చలికాలంలో ఉద్యోగం కోసం తిరుగుతున్న మనిషికి ఆ గ్యారంటీ ఇంకెక్కడా లేదు. నేను రెండు వారాల్లో నూట పది అప్లికేషన్లు పంపితే ఎనభై చోట్ల నుంచి సమాధానమే లేదు. ఇవతల గదిలో నాన్న పెట్టిన ప్రతి ముక్కా "సరే" అనో "కాదు" అనో వెంటనే చెబుతోంది.

ఎందుకంటే నేను సాయంత్రాలు ఆ బల్ల దగ్గర కూచోవడం మొదలుపెట్టాను. అమెరికా మ్యాపు రెండు రోజుల్లో అయిపోయింది (పడమటి రాష్ట్రాలన్నీ నలుచదరం, ఏం మజా లేదు అన్నారు నాన్న). తర్వాత వెయ్యి ముక్కల పెట్టె తెచ్చుకున్నాం, ఏదో జర్మనీ కోట. పెట్టె మీద వెయ్యి అని ఉంది గానీ అడ్డం 38, నిలువు 27, మొత్తం 1026. చాలా పెట్టెల్లో అంతేనట. నలభై ఇంటూ పాతిక పెడితే లెక్క సరిపోతుంది గానీ బొమ్మ మరీ సాగిపోతుంది. నాన్న ముందు అంచు ముక్కలు 126 ఉండాలని లెక్కేసి, అవి వేరు చేసి, 125 మాత్రమే దొరికితే రాత్రి పదకొండింటిదాకా సోఫా కింద వెతికారు. అది అమ్మ చపాతీల పీట కింద దొరికింది.

పంతొమ్మిదో రోజు రాత్రి. అమ్మ పడుకుంది. బయట మంచు పడుతోంది. నాన్న కోట బురుజు మీద ఉన్నారు, నేను చెట్ల మీద ఉన్నాను. తలెత్తకుండానే అడిగారు.

"ఎన్నాళ్ళు టైమిచ్చార్రా?"

"దేనికి?"

"ముప్ఫయ్యేళ్ళు పిల్లల్ని చూశాను నాన్నా. హోంవర్కు చెయ్యనివాడి మొహం నాకు తెలీదా? మీటింగు అంటావు, లోపల మాట వినపడదు."

అరవై రోజులన్నాను. పంతొమ్మిది అయిపోయాయన్నాను. ఆయన చేతిలో ముక్క తిప్పి చూసి, కాదని పక్కన పెట్టారు. "అమ్మకి రేపు నేను చెబుతాలే" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. ఒకటిన్నరదాకా కూచున్నాం. బురుజు అయింది, చెట్లు అవ్వలేదు.

ఆ తర్వాత రోజుల్లో ఇంట్లో తలుపు తెరిచే ఉండేది. ఇంటర్వ్యూ ఉంటే అమ్మ మిక్సీ ఆపేసేది. ఒకరోజు నాన్న "ఇదంతా మీ కంప్యూటరు చెయ్యలేదా?" అని అడిగారు. చాలాకాలంగా ప్రయత్నిస్తున్నారని చెప్పాను. 1964లోనే హెర్బర్ట్ ఫ్రీమన్, గార్డర్ అనే ఇద్దరు బొమ్మ లేకుండా, కేవలం ముక్కల అంచుల ఆకారాన్ని బట్టి కలిపే ప్రోగ్రాము గురించి పేపరు రాశారు. ఈ రోజుల్లో ఫొటో ఉన్న మామూలు పజిళ్ళని కంప్యూటరు బాగానే కలుపుతుంది. కానీ ఏ ముక్క ఏ ముక్కకైనా పట్టేలా ఉంటే, చూసి పోల్చుకోవడానికి బొమ్మ లేకపోతే, అది ఎన్‌పి-కంప్లీట్ అని 2007లో నిరూపించారు. అంటే ముక్కలు పెరిగేకొద్దీ ఎంత పెద్ద మెషీన్ అయినా చేతులెత్తేసే రకం. ఒకసారి కలిపేశాక సరిగ్గా ఉందో లేదో చూడ్డం మాత్రం చిటికెలో పని. ఆ పేపరు రాసింది ఎమ్ఐటీలో ఎరిక్ డిమైన్, ఆయన తండ్రి మార్టిన్ డిమైన్. నాన్న ఎన్‌పి గురించి ఏమీ అడగలేదు. "తండ్రీకొడుకులు కలిసి రాశారా?" అని మాత్రం రెండుసార్లు అడిగారు.

యాభైరెండో రోజున కొత్త కంపెనీ నా పిటిషన్ వేసింది. మళ్ళీ చెబుతున్నాను, ముక్కలు కలిపినందుకు ఉద్యోగం రాలేదు. నాతో పాటు అదే మంగళవారం పోయిన మా పాత టీమ్మేట్ నాకంటే తెలివైనవాడు, గడువు దాటిపోయి హైదరాబాదు వెళ్ళిపోయాడు.

1932-33 నాటి వారపు పజిళ్ళ పిచ్చి ఎక్కువకాలం నిలవలేదు. ఆ ఏడాది గడిచేసరికే చల్లారింది. జిగ్‌సా మాత్రం పోలేదు, అటకెక్కి కూచుంది, అంతే. 2020లో కోవిడ్‌కి అందరూ తలుపులేసుకున్నప్పుడు మళ్ళీ దిగింది. ఆ వసంతంలో అమెరికాలో కొట్లలో పజిళ్ళు దొరకలేదు. అంటే దీని గిరాకీకి చలికాలం ఒక్కటే కాదు, తలుపు మూసుకుపోవడం కావాలి. మంచు మూసినా సరే, మాంద్యం మూసినా సరే, వైరస్ మూసినా సరే.

మా కొత్త కుర్రాడికి ఆ జర్మనీ కోట ఇద్దామనుకున్నాను గానీ దాన్ని అప్పుడే లైబ్రరీలో తిరిగిచ్చేశాం. వాడే వెళ్ళి తెచ్చుకుంటాడు.

నాన్న ఏప్రిల్‌లో ఇండియా వెళ్ళిపోయారు. జూన్‌లో వడ్రంగి దగ్గర కూచుని, ప్లైవుడ్ మీద ఆంధ్రప్రదేశ్ మ్యాపు అతికించి, జిల్లాల సరిహద్దుల వెంట కోయించారట, అక్క పిల్లల కోసం. స్పిల్స్‌బరీ పేరు నేనే చెప్పాను, ఆయనకి గుర్తులేదు. వడ్రంగి ముందు పాత పదమూడు జిల్లాలు కొయ్యాలా, 2022లో చేసిన ఇరవయ్యారు కొయ్యాలా అని అడిగాడట, ముక్కకింత అని మాట్లాడుకున్నాడు కాబట్టి. ఇరవయ్యారూ కోయించారు. కోనసీమ కోస్తుంటే ఒకసారి విరిగింది, మళ్ళీ కోశారు. యానాం దగ్గర మాత్రం ఇద్దరూ ఆగిపోయారట. అది పుదుచ్చేరిది, మన మ్యాపులో ముక్కగా ఉండకూడదు, తీసేస్తే చిల్లు పడుతుంది. చివరికి దాని మీద పెన్సిలుతో చుక్క పెట్టి వదిలేశారు.